గురయ్య బార, కూర్మారావు బార

2022లో చేపల వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగిన రోజులవి. పలాసలో నాది చిన్న మరమ్మతు దుకాణం. వజ్రపుకొత్తూరు వైపు పడవలకు ఫిష్ ఫైండర్లు బిగించడం నా ముఖ్యమైన పని. పడవ అడుగున ట్రాన్స్‌డ్యూసర్ అనే బిళ్ల ఒకటి పెడతాం. అది నీళ్లలోకి శబ్దం పంపి, నేలకు తగిలి తిరిగొచ్చిన దాన్నిబట్టి లోతెంతో తెర మీద చూపిస్తుంది.

ఒక ఉదయం కూర్మారావు తన ఫిష్ ఫైండర్ మిషన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గుమ్మంలోకి రావాలంటే తల వంచాల్సినంత పొడగరి.

"ఇది నాకొద్దు బాబూ. దీనివల్ల మా ఇంట్లో పెద్ద గొడవైపోనాది."

అతనూ, అతని అక్క పైడమ్మ మొగుడు గురయ్యా కలిసి ఒకే పడవ మీద వేటకు వెళతారు. ముందురోజు మిషన్ పన్నెండు బారల లోతు చూపించిందట. గురయ్య సీసపు గుండు కట్టిన తాడు దించి, పద్నాలుగు బారలన్నాడు. కూర్మారావు మిషన్నే నమ్మి, వలకీ పైన తేలే బెండుకీ మధ్య పన్నెండు బారల తాడే వదిలాడు. తాడు చాలక బెండు మునిగిపోయింది. వల ఎక్కడుందో మళ్లీ కనబడలేదు.

"పడవ అమ్మీసి ఎవుడి దారి ఆడు సూసుకుందామంతన్నాడు మా బావ" అన్నాడు.

నా చేత్తో బిగించిన మిషన్ని అబద్ధాలకోరు అంటే నాకు ఒళ్లు మండుతుంది. పనిముట్లు సర్దుకుని అప్పుడే బయల్దేరాను.

రేవులో గురయ్య నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. "ఏటి సూత్తావు బాబూ? దరియా ఎంత లోతో నాకు తెల్దేటి?" అంటూనే పడవెక్కాడు. మిషన్ బిగించి వల పోయిన చోటికే వెళ్లాం. తెర మీద పన్నెండు. గురయ్య గుండు దించి, తడి తాడును రెండు చేతులూ చాచి రొమ్ము మీదుగా కొలుచుకుంటూ, చాచినంత పొడవు ఒక బారగా లెక్కేస్తూ లాగాడు. పద్నాలుగు.

అప్పుడు నా చూపు తెర నుంచి ఆ చేతుల మీదికి వెళ్లింది. తాడు కూర్మారావుకిచ్చి కొలవమన్నాను. అతని చేతులకు సరిగ్గా పన్నెండే వచ్చింది. ముందురోజు వలకి వదిలిన పన్నెండు బారల తాడు గురయ్య చేతులతో కొలిచింది, అందుకే చాల్లేదు.

మిషన్ లోతు చూపించేది ఫాథమ్‌లలో. అమ్మేవాళ్లమంతా ఫాథమ్ అంటే బారే అని చెప్పేస్తాం. నాకు పాత డిక్షనరీలు తిరగేసే పిచ్చి ఉంది కాబట్టి, ఆ ఇద్దరికీ దాని కథంతా చెప్పాను. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఆ మాటకు చాచిన రెండు చేతులని అర్థం. కౌగిలి అన్నా అదే, ఒకరి అండలో ఉండటమన్నా అదే. తరవాత నావికులు ఆ చేతులతోనే తాళ్లు కొలిచారు. ఒక్కొక్కరి చేతులు ఒక్కో పొడవని, చివరికి ఆరడుగులని ఖాయం చేశారు. లోతు కొలవడం నుంచి, ఒక సంగతిని లోతుగా అర్థం చేసుకోవడమనే అర్థం కూడా వచ్చింది.

గురయ్య శ్రద్ధగా విన్నాడు. "అయితే ఇంగిలీసోలకీ సేతులే కొలతన్నమాట. ఆరడుగులంటే ఈడి లాంటి తాటిసెట్టునెవుడినో కొలిసుంతారు" అన్నాడు. కూర్మారావు పకపకా నవ్వాడు. నాకూ నవ్వాగలేదు.

కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. వాళ్ల పడవలో చుక్కాని పట్టే పెద్ద గురయ్యే, తాళ్లన్నీ అతని చేతులతోనే కొలవాలి. మిషన్‌కి సరిపడాలంటే కూర్మారావు చేతులతో కొలవాలి. అంటే పెద్దరికం చేతులు మారినట్టే. గురయ్య గుండు తాడు చుట్టి పక్కన పడేసి, పడవను ఒడ్డుకు తిప్పాడు.

ఒడ్డున పైడమ్మ ఎదురొచ్చింది. సంగతి విని, "మిషన్దీ తప్పు నేదు, మడుసులదీ తప్పు నేదు. మరి పడవెందుకమ్మాల?" అని అడిగింది.

"నీ బారే ఉండనీ బావా. మిషన్ సెప్పినదానికి నానే కలిపి సూసుకుంతాను" అన్నాడు కూర్మారావు.

"కలుపుడూ తీసుడూ గాలివోనలో కుదర్దురా. మళ్లీ ఇంకో వల పోద్ది" అన్నాడు గురయ్య. కొత్త తాడు చుట్ట తెచ్చి బావమరిది ముందు పడేశాడు. "నువ్వే కొలు. ముళ్లు మాత్రం నానేత్తాను."

ఇసకలో పని మొదలైంది. ఒకడు చేతులు చాచి బార చూపిస్తుంటే, రెండోవాడు అక్కడ ముడి వేస్తున్నాడు. "ఈడి బారకి తాడంతా అయిపోతంది" అని గురయ్య మధ్యమధ్య సణుగుతున్నాడు గానీ, ప్రతి ముడినీ రెండుసార్లు బిగించి చూస్తున్నాడు. పడవ అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాకు ఎంత తేలికనిపించిందో చెప్పలేను.

ఆ రోజు నుంచి, మిషన్ తప్పు చూపిస్తోందని ఎవరు ఫిర్యాదు తెచ్చినా నేను వెంటనే స్క్రూడ్రైవర్ తీయను. మీ పడవలో తాడు కొలిచేదెవరో ఆయన్ని ఒకసారి తీసుకురండి అంటాను.