నలభై వేడి తువ్వాళ్ళు

ఆ రోజుల్లో నాకు రెండంటే రెండే భయాలు ఉండేవి. ఒకటి ఏసీ గది. రెండోది అందులో కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడే మనిషి. పొలం గట్టు మీద పాము అడ్డొచ్చినా, వినుకొండ బస్టాండులో ఆంబోతు వెంటపడినా నిబ్బరంగానే ఉండేవాణ్ణి గానీ, అద్దాల తలుపు కనబడితే మాత్రం అక్కడే ఆగిపోయేవాణ్ణి. అది తోసే తలుపో లాగే తలుపో తెలియక బయటే నిలబడి, ఎవరో ఒకరు వచ్చి తీస్తే వాళ్ళ వెనకాల దూరిపోవడం నా పద్ధతి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. వాళ్ళు ఏసీ గదిలోకి వెళ్ళి, కూర్చోకముందే ఇంకాస్త పెంచమని అడుగుతారు. నేను మాత్రం ఆ భయంతోనే ఒకసారి నలభై మంది పిల్లల్ని, ఒక పాస్టరు గారిని వెంటబెట్టుకుని, చెయ్యకూడని పనొకటి చేశాను. ఆ వేసవి గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వూ, చెమటా కలిసే వస్తాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. వినుకొండకు అవతల మా ఊళ్ళో, చర్చి వాళ్ళ బడిలో లెక్కల మాస్టారుగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. మా పాస్టరు గారిని ఊరంతా అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలిచేది. బడికి కరస్పాండెంటు కూడా అయ్యగారే. జూన్‌లో నన్ను పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టాల్సింది ఆయనే, చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పలేదని నా చెవి మెలిపెట్టిందీ ఆయనే. (కుడి చెవి. వానాకాలంలో ఇప్పటికీ అనుమానంగా తడుముకుంటాను.) పిల్లలు అల్లరి చేసినా, కిటికీ అద్దాలు పగలగొట్టినా ఆయనకు కోపం రాదు. అబద్ధం ఆడితే మాత్రం ఊరుకునే మనిషి కాదు.

మే నెలలో చర్చిలో పిల్లలకు వేసవి బైబిలు తరగతులు జరుగుతాయి. ఆ ఏడాది తరగతులు అయ్యాక పిల్లల్ని గుంటూరు దాటాక హైవే పక్కన పెట్టిన పెద్ద పార్కుకు తీసుకెళ్దామన్నారు అయ్యగారు. నీళ్ళలో జారే జారుడుబల్లలు, తిరిగే కుర్చీలు, మనిషంత ఎత్తున అలలు లేచే చెరువు ఉంటాయట. వాళ్ళంతా మిరపకోతకు పోయే తల్లుల పిల్లలు. ఒకరిద్దరు వాడరేవులో సముద్రం చూశారు గానీ, మిగతావాళ్ళకు నీళ్ళంటే ఊరి కాలవే. కోత పండుగ నాడు ఆ తల్లులే చర్చికి కానుకగా తెచ్చిచ్చిన మిరపకాయలు అమ్మితే టిక్కెట్లకూ బస్సుకూ సరిపోయింది. భోజనానికి మాత్రం మిగల్లేదు. "అన్నం సంగతి నాకొదిలేయండి. పులిహోర కలిపి పొట్లాలు కడతాం" అంది అమ్మగారు. "లోపలికి పట్టుకెళ్ళనిస్తారా అని ముందు కనుక్కోవాలి" అన్నారు అయ్యగారు. కనుక్కునే పని నా మీద పడింది.

వెళ్ళాను. పార్కు ఆఫీసు అద్దాల తలుపు దగ్గర కాసేపు నిలబడి, టీ కుర్రాడి వెనకాల లోపలికి దూరాను. చల్లటి గదిలో టై కట్టుకున్న ఒకాయన నా ముందు ఒక ఫారం పెట్టి, గ్రూపు లీడరు ఎవరో, పిల్లలెందరో గడగడా ఇంగ్లీషులో అడుగుతూ పోయాడు. చివరికి, "ఔట్‌సైడ్ ఫుడ్ నాట్ అలౌడ్. ఓకే?" అన్నాడు. నేను చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా బస్సులో బట్టీ పట్టాను. "సార్, మా పిల్లలు పేదవాళ్ళు, ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటారు, దయచేసి ఒప్పుకోండి" అని. కానీ ఆ మాటల్లో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. "ఓకే సార్" అన్నాను. సంతకం పెట్టాను. పైగా "థాంక్యూ సార్" అని కూడా అన్నాను. (ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి.)

ఊళ్ళో బస్సు దిగేసరికి అయ్యగారు చర్చి ముందే ఉన్నారు. "ఏరా అబ్బాయ్, అడిగావా? ఒప్పుకున్నారా?" అన్నారు. అడగడానికి భయపడ్డానని చెప్పడానికి మొహం చెల్లలేదు. "ఒప్పుకున్నారండి" అన్నాను. అంతే. ఒక్క మాట. ఆ మాట అన్నాక వారం రోజులు నాకు అన్నం సయించలేదు. దొరికిపోతే నా ఉద్యోగం సంగతి అటుంచి, పిల్లల్ని గేటు నుంచే వెనక్కి పంపేస్తారు. ఏడాదంతా మిరప తోటల్లో వంగి పనిచేసిన వాళ్ళ అమ్మలకు ఏం చెప్పను?

ఇక మిగిలింది దాచడం. గేటు దగ్గర సంచులు వెతుకుతారని తెలుసు. నీళ్ళలో ఆడాక తుడుచుకోవడానికి పిల్లలు తలా ఒక తువ్వాలు తెచ్చుకుంటారు కదా, అందులో పులిహోర పొట్లం చుట్టేస్తే సరి అనిపించింది. "వేడి పోకుండా ఉంటుందమ్మగారూ" అని నచ్చజెప్పాను. మే నెలలో, గుంటూరు ఎండలో, అన్నం వేడి పోతుందేమోనని బెంగపెట్టుకున్న మనిషిని అమ్మగారు ఒక రకంగా చూసింది. కానీ లెక్కల మాస్టారు చెప్పాడు కదా, అందులో ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నట్టుంది. నలభై తువ్వాళ్ళలో నలభై పొట్లాలు చుట్టించింది, మా పెద్దవాళ్ళవి నా తువ్వాల్లో చుట్టింది. పైన వేయించిన చల్ల మిరపకాయలు కూడా పెట్టించింది. ఆ వాసన ఏ తువ్వాల్లోనూ ఆగదని నాకు తట్టలేదు.

గేటు దగ్గర నా మొదటి కష్టం తనిఖీ కాదు, బోర్డు. బయటి ఆహారం లోపలికి అనుమతించబడదని అరచేతంత తెలుగు అక్షరాలతో రాసి పెట్టారు. అయ్యగారి కంటపడకుండా పరుగెత్తి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. "ఎండలో అలా నిలబడ్డావేంట్రా?" అన్నారాయన. "ఇక్కడ గాలి బాగుందండి" అన్నాను. ఆకు కదలడం లేదు. ఆయన తలూపి లోపలికి నడిచారు. ఇటు తనిఖీ చేసే ఆవిడ సంచులు తెరిచి చూస్తూ, "అన్నీ తువ్వాళ్ళేనా?" అంది. "నీళ్ళలో ఆడతారు కదండీ" అన్నాను. అంతలో రెండో తరగతి పిల్ల ఒకత్తి, "సార్, నా తువ్వాలు వేడిగా ఉంది సార్" అంది గట్టిగా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎండ కదమ్మా" అన్నాను. ఆవిడ నన్నూ, పిల్లనూ, తువ్వాలునూ మార్చి మార్చి చూసి, ముక్కుతో ఒకసారి గాలి పీల్చి, ఏమనుకుందో ఏమో, పొమ్మని చెయ్యి ఊపింది.

పిల్లలు ఆడారు. ఆ కేకలు, ఆ నవ్వులు చెప్పనలవి కాదు. కాలవలో ఈదేవాళ్ళు అలల చెరువులోంచి బయటికి రానన్నారు. నేను మాత్రం సంచుల కుప్ప పక్కన కాపలా కూర్చుని, టోపీ పెట్టుకున్న ప్రతివాణ్ణీ చూసి ఉలిక్కిపడుతూ గడిపాను. భోజనాల వేళకు జనరేటరు గది వెనకాల ఎవరికీ కనబడని మూల ఒకటి చూసి పెట్టాను. "ఆ పొగలో కూర్చుని తినడమేంట్రా, దొంగల్లాగా!" అని అయ్యగారు పిల్లలందరినీ తీసుకెళ్ళి సరిగ్గా పార్కు నడిమధ్యన, పచ్చగడ్డి మీద, నాలుగు దిక్కుల నుంచీ కనబడే చోట వరసగా కూర్చోబెట్టారు. నలభై పొట్లాలు విప్పారు. ఇంగువ, పోపు, చల్ల మిరపకాయలు, అన్నీ ఒక్కసారిగా గుప్పుమన్నాయి. గబగబా తినేస్తే పది నిమిషాల పని అనుకుని నేను ముద్ద ఎత్తబోయాను. "ఒరేయ్, ప్రార్థన!" అన్నారు అయ్యగారు.

మా దగ్గర ఆమెన్ అనేదాకా ఎవరూ అన్నం ముట్టరు. పసిపిల్లలు కూడా ముట్టరు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ణి, నా పథకంలో ప్రార్థనకు మాత్రం చోటు పెట్టుకోలేదు. పైగా అయ్యగారిది మైకు లేని పల్లెల్లో, ఊరి ఈ చివర నిలబడి ఆ చివరకు వినిపించిన గొంతు. ఆయన నిలబడ్డారు, కళ్ళు మూసుకున్నారు, మొదలుపెట్టారు. "పరలోకమందున్న మా తండ్రీ! ఈ మధ్యాహ్నపు వేళ మా బిడ్డలకు నీవిచ్చిన ఈ పులిహోర కొరకు నీకు స్తోత్రములు!" జారుడుబల్ల మీద వరసలో నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ప్రార్థన పులిహోర కలిపిన చేతుల దగ్గరికి, అక్కణ్ణుంచి బస్సు డ్రైవరు దగ్గరికి, ఆ ఏటి మిరప దిగుబడి దగ్గరికి వెళ్ళింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఎర్ర టోపీ పెట్టుకుని, చేతిలో వాకీటాకీతో ఒక సూపర్‌వైజరు నేరుగా మా వైపే వస్తున్నాడు.

కొంప మునిగిందనుకున్నాను. ఆయన మా ముందుకొచ్చి, ఆపండన్నట్టు చెయ్యి ఎత్తాడు. నలభై మంది పిల్లలు చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. జరుగుతున్న ప్రార్థనను ఆపడానికి ఆయనకు మనసొప్పలేదు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అదే సమయానికి అయ్యగారు గొంతు ఇంకాస్త పెంచారు. "ప్రభువా, ఇంటి అన్నం ఇక్కడ తినుటకు మా బిడ్డలకు అనుమతి ఇచ్చిన ఈ స్థలపు వారిని దీవించుము! వారి మంచి మనసును దీవించుము! వారి పనిపాటలను, వారి పిల్లల చదువులను దీవించుము!" సూపర్‌వైజరు నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ జోడించాను. ప్రార్థనకు కాదు, ఆయనకే. నలభై గొంతులు "ఆమెన్" అన్నాయి.

అయ్యగారు కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "మాకు అనుమతి ఇచ్చింది తమరేనా అండీ?" అన్నారు.  సూపర్‌వైజరు అయ్యగారి మొహం చూశాడు, ఇంకా ముద్ద ఎత్తకుండా తనకేసి చూస్తున్న పిల్లల్ని చూశాడు. "ముందు పిల్లల్ని తిననివ్వండి సార్, ఆకలి మీదున్నారు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. నా పొట్లం నేనే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. వద్దు వద్దంటూనే చల్ల మిరపకాయ ఒకటి కొరికి, "మాది చీమకుర్తి. మా అమ్మ చేసినట్టే ఉంది" అన్నాడు.

వెళ్ళేముందు ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "మాస్టారూ, ఫారం మీద సంతకం పెట్టింది మీరే కదా?" అన్నాడు. తల వంచుకున్నాను. "స్కూలు పిల్లలు ఇంటి భోజనం తెచ్చుకుంటే తినడానికి అటు పక్కన మాకు వేరే షెడ్డే ఉందండీ. ఫ్యాన్లున్నాయి, మంచినీళ్ళున్నాయి. ముందుగా ఒక్క మాట అడిగితే రాసిస్తాం. ఎందుకడగలేదు?" అన్నాడు, తెలుగులోనే, ఎంతో మెత్తగా. వారం రోజుల నా దిగులు, నలభై వేడి తువ్వాళ్ళు, బోర్డుకు ఆనించి కాల్చుకున్న నా వీపు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తిరుగు ప్రయాణంలో పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. నరసరావుపేట దాటాక ఇక ఉండబట్టలేక అయ్యగారి పక్కన కూర్చున్నాను. "అయ్యగారండీ, నేను అనుమతి అడగలేదండి. మీతో అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయన నా వైపు తిరిగారు. తర్వాత, "అడగడానికి భయమేసిందా?" అన్నారు. "వేసిందండి." "మరి నాకు అబద్ధం చెప్పడానికి భయమెయ్యలేదా?" "వేసిందండి. కానీ మీరైతే తెలుగులో తిడతారు కదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఇవ్వని అనుమతికి కృతజ్ఞతలు చెప్పించావు కదరా నా చేత! నలభై మంది పసివాళ్ళ చేత ఆమెన్ అనిపించావు!" అన్నారు. నిజంగా నొచ్చుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "తర్వాత ఆయన ఒప్పుకున్నారు కదండీ" అన్నాను, ఏమనాలో తెలియక.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. పత్తి తీసేసిన చేలు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి ఆయన భుజాలు కదలడం కనిపించింది. నవ్వుతున్నారు. "ముందు ప్రార్థన చేశాం. తర్వాత అనుమతి వచ్చింది. మామూలుగా అలాగే కదరా జరగాల్సింది!" అన్నారు. నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. వెంటనే నా కుడి చెవి పట్టుకుని, "ఆదివారం సండే స్కూల్లో ఈ కథంతా పిల్లలకు నువ్వే చెప్పాలి, ఒక్క ముక్క దాచకుండా" అని కూడా అన్నారు. చెప్పాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆ రెండో తరగతి పిల్లే.

జూన్‌లో ఆయన సంతకం పెట్టారు. ఇప్పుడు నేను అదే బడికి హెడ్మాస్టర్ని. ఏటా పిల్లల్ని ఎక్కడికో అక్కడికి తీసుకెళ్తూనే ఉన్నాను, వెళ్ళేముందు నేనే స్వయంగా వెళ్ళి అడుగుతాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు కుదరదంటారు. కుదరదన్నా ఏమీ కాదని, బస్సు ఆపి రోడ్డు పక్కన చెట్టు నీడన తింటే పులిహోర రుచి తగ్గదని ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది, పాపం! వారం రోజులు అన్నం మానుకున్నాడు వెర్రివాడు.