అడిగేవాళ్ళు ఆగిపోయాక

పదో తరగతికి ఇంగ్లీషు చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, బ్యాడ్జర్ అంటే?" అని అడిగింది. నేల తవ్వుకుని బొరియల్లో ఉండే జంతువు అన్నాను. పాఠంలో మనుషులే ఒకామెను బ్యాడ్జర్ చేస్తున్నారు కదా సార్ అంది. అలా వాడితే, ఒప్పుకునేదాకా అడిగిందే అడిగి విసిగించడం అని బోర్డు మీద రాశాను. రాశానే గాని, ఆ అర్థం నాకే చాల్లేదు. విసుగొస్తే మనిషి కసురుకుంటాడు, లేచి వెళ్ళిపోతాడు. ఆ మాటలో ఎంత భయముందో నాకు పంచాయతీ ఎన్నికలప్పుడు మా ఇంట్లోనే తెలిసింది.

మాది మాచర్ల నుంచి దుర్గి పోయే రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనే. మా వీధికి పైపులు వేశారు, నీళ్ళు వదలడం మరిచారు. అమ్మ అడిగి అడిగి, చివరికి తనే వార్డు మెంబరుగా నామినేషన్ వేసింది. మిగతా వార్డులన్నిటికీ ఒక్కొక్కరే వేశారు. అమ్మ తప్పుకుంటే ఊరంతా ఏకగ్రీవం. ఇంకేముంది, మా ఇంటికి చుట్టాలు మొదలయ్యారు.

చుట్టాలనే అనాలి, శత్రువులా ఒక్కరూ రాలేదు మరి. మొదట వచ్చిన పెద్దాయన అమ్మను చెల్లెమ్మా అన్నాడు. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, "ఏకగ్రీవమైతే ఊరికి నిధులొస్తయ్. నీ ఒక్కదాని మొండితనానికి ఊరు చెడగొడతావా ఏంది? విత్‌డ్రా చేసుకో" అన్నాడు. ఆయన గేటు దాటకముందే ఇంకొకాయన. ఆయనకు అమ్మ వదిన. తర్వాత ఆయన భార్య, బొట్టు పెట్టి పోదామన్న వంకతో. అందరిదీ ఒకటే మాట. అమ్మదీ ఒకటే మాట: "నీళ్ళు రానియ్యండి, నామినేషన్ నేనే వెనక్కి తీసుకుంటా." మజ్జిగ ఖర్చు తప్ప మనకేం నష్టంలే అని నేను అమ్మను ఆటపట్టించేవాణ్ణి.

ఒక సాయంత్రం వదినా అనే ఆయన వచ్చి నామినేషన్ ఊసే ఎత్తలేదు. నా వైపు చూసి నవ్వుతూ, "అబ్బాయి రోజూ బండి మీదే పోతన్నాడా బడికి? క్వారీల కాడ దారి మంచిది కాదు వదినా. లారీలు చానా తిరుగుతయ్" అన్నాడు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా నా ప్రయాణం సంగతే అడిగారు. ఎన్నింటికి బయల్దేరతావు, ఒక్కడివే వస్తావా అని, అదీ ఎంతో ప్రేమగా. నేను ధైర్యవంతుణ్ణని ఎన్నడూ చెప్పుకోలేదు గాని, వెనక లారీ హారన్ వినపడితే రోడ్డు దిగి మిరప చేలో నిలబడేంత పిరికివాణ్ణని మాత్రం అప్పుడే తెలిసింది.

అన్నం తింటూ అమ్మే అడిగింది. "నువ్వు వెనక్కి తీసుకోమంటే తీసుకుంటా. చెప్పు." అవునని అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను.

ఉపసంహరణ చివరి రోజున పొద్దుటి నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అమ్మ గడప దాటలేదు. గడువు దాటగానే అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ సాయంత్రం ఎవరూ రాలేదు, మర్నాడూ రాలేదు. చెల్లెమ్మా అన్న పెద్దాయన వీధిలో ఎదురై కూడా మొహం తిప్పుకున్నాడు. అడిగినన్నాళ్ళూ మా దగ్గర వాళ్ళకేదో పని ఉంది. ఇప్పుడు అడగాల్సింది లేదంటే ఇంకేం చెయ్యబోతున్నారు? ఎవరైనా వచ్చి నాలుగు తిట్టి పోయినా బాగుండుననిపించింది.

ఆ వారంలోనే ఒక రోజు బళ్ళో స్పెషల్ క్లాసులుండి ఆలస్యమైంది. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. మా ఊరి దారి మెయిన్ రోడ్డులో కలిసేచోట, లారీలు లేపే దుమ్ములో, అమ్మ చెప్పులు కూడా లేకుండా నిలబడి ఉంది. బండి ఆపగానే నా భుజాలు, చేతులు తడిమి చూసింది. ఊరంతా వచ్చి అడిగినా మెత్తబడని మనిషి, "ఇప్పుడు వెనక్కి తీసుకుంటానంటే ఎవరు వింటార్రా?" అంది.

గడువు అయిపోయిందని ఆమెకూ తెలుసు. అయినా బండి వెనక కూర్చుని, నా చొక్కా పట్టుకుని, ఇల్లు చేరేదాకా అదే అడుగుతూ వచ్చింది.