టోల్ మళ్ళీ పెట్టిన రోజు

వాన వెలిసిన నాంపల్లి రోడ్డు మీది నుంచి డీజిల్ పొగ వాసన వస్తే నాకు వసుంధర మేడం గుర్తుకొస్తారు. ఈ ఉదయం ఆఫీసు కిటికీ తెరవగానే అదే వాసన. రోడ్ల సంస్థలో నా మొదటి పై అధికారి ఆమె. పుట్టి పెరిగింది గౌలిగూడలో. తండ్రి లారీల వ్యాపారాన్ని తమ్ముడు మల్లేశ్ నడిపేవాడు.

నేను చేరిన ఏడాది వరదకు ఒక వంతెన కుంగింది. బండ్లన్నీ చుట్టూ తిరిగి టోల్ రోడ్డు ఎక్కాల్సి వచ్చింది. ఆపద వేళ టోల్‌ను తాత్కాలికంగా తగ్గించే, ఎత్తేసే అధికారం ప్రభుత్వం మా సంస్థకు అప్పుడే కొత్తగా ఇచ్చింది. వంతెన బాగయ్యేదాకా టోల్ లేదని మేడం సంతకం చేశారు. లారీల వాళ్ళు దండలు పట్టుకొచ్చారు, అందరికంటే ముందు మల్లేశ్. ఆమె వేయించుకోలేదు. "టోల్ మళ్ల పెట్టిన్నాడు తిట్టేది గీ నోర్లే" అని నాతో నవ్వారు.

వంతెన సిద్ధమైంది. జనం సంతోషంగా ఉన్నారు, ఇంకొన్నాళ్ళు టోల్ లేకుండానే ఉంచండంటూ పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. మేడంకు ఒక అలవాటుండేది. ఒక నిర్ణయం ఎవరిని నొప్పిస్తుందో వాళ్ళకు, కాగితం చేరకముందే తనే చెప్పేవారు. తమ్ముణ్ణి ఆఫీసుకు పిలిపించారు. నేను లేవబోతే కూర్చోమన్నారు.

"రేపటి సంది టోల్ ఉంటదిరా."

"ఏందక్కా గిది? బండ్లు గిప్పుడిప్పుడే జర కోలుకుంటున్నయ్. ఇంకో నెల ఆగరాదు? నీ చేతులనే ఉంది గదా!"

"ఆపద పోయినంక గూడ టోల్ మళ్ల పెట్టకపోతే, ఇంకో వరదొచ్చిన్నాడు మనకు గీ అధికారమే ఉండనియ్యరు."

"గట్లనా? అయితే రాఖీకి నా కోసం చూడకు."

ఆమె ముఖం పాలిపోయింది. "నీ ఇష్టం. టోల్ మాత్రం రేపు పొద్దున మొదలైతది."

అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు రాఖీకి రాలేదు, ఆ తర్వాతా ఆమె గడప తొక్కలేదు. మరుసటి వానల్లో మళ్ళీ రోడ్డు తెగితే, ఆ అధికారం చేతిలో ఉండబట్టే మేడం వెంటనే టోల్ ఎత్తేశారు. మల్లేశ్ లారీలూ ఆ టోల్ రోడ్డు మీదే దర్జాగా వెళ్ళాయి. అతను మాత్రం అక్కకు ఒక్క ఫోనైనా చేయలేదు. ఆ మనిషి మీద నాకిప్పటికీ కోపమే.

ఇవాళ ఆ కుర్చీలో నేనున్నాను. ఇంకో వంతెన బాగైంది, టోల్ తిరిగి పెట్టే సంతకం నాది. అఫ్జల్‌గంజ్‌లో లారీలు నడిపి నన్ను చదివించిన మామకు, సంతకానికి ముందే ఫోన్ చేశాను.

"చెప్పు బిడ్డా" అన్నాడు సంతోషంగా.

అయినా చెప్పాను.

"మామా, రేపటి సంది టోల్ ఉంటది."