ఓడ రాకపోతే ఏం తింటవ్

గోదావరిలో ఓ మొసలి నన్ను వీపు మీద ఎక్కించుకుని నందిపేట ఒడ్డున దించిందని చెప్తే, "పాపం, మంచి మొసలి" అన్న మనిషి నా భార్య. నా అబద్ధాలన్నీ నమ్మింది. సింగపూర్ గురించి చెప్పిన నిజమే నమ్మలేదు.

తొంభైల్లో బోధన్ దిక్కు చెరకు పని తగ్గితే, సింగపూర్ రేవులో కూలీగా చేరాను. రెండేళ్లకు సెలవు మీద నిజామాబాద్ వచ్చాను. వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చుడుతూ ఆమె అడిగింది.

"అక్కడ ఏం పండిస్తరు?"

"ఏం పండియ్యరు. మంచినీళ్లు గూడ పక్క దేశంకెళ్లి పైపుల వస్తయి. జాగ సాలక, ఇసుక కొనుక్కొచ్చి సముద్రంల పోసి, దాని మీద బిల్డింగులు కడుతరు."

"ఇసుక కొంటరా? గంత అబద్ధం జెప్పకయ్యా, కండ్లు పోతయి."

"ఒక ఓడల సామాను దించి ఇంకో ఓడల ఎక్కిస్తం. గంతే. గా నడుమనే ఊరంత లేసింది. మన పసుపు గంజ్ మార్కెట్ల ఎవడన్న పసుపు పండిస్తడా? అయినా గంజ్ బతుకుతలేదా?"

"గంజ్‌కు పసుపు పండిచ్చెటందుకు మాక్లూర్ ఉన్నది, నందిపేట ఉన్నది. వాళ్లకెవరున్నరు?"

"దునియా అంత ఉన్నది."

"ఓడ రాకపోతే ఏం తింటవ్?"

రైతు బిడ్డ. కరువులో గింజ లేని ఇల్లు చూసింది. చేతిలో తునికాకు అట్లాగే ఆగిపోయింది. "పొలం లేని కాడికి నిన్ను పంప" అంది.

తిరిగి పోకపోతే నా పని పోతుంది. ఇక నాకు తెలిసిన విద్యే వాడాను. "మా రూముల ఎనక నాకింత చెల్క భూమి ఉన్నది" అన్నాను.

"గది ముందుగాల జెప్పద్దా?" అని మొఖం విప్పుకుంది. పుట్టింటి నుంచి విత్తనపు పసుపు కొమ్ము తెప్పించి, గుడ్డలో కట్టి ఇచ్చింది. "నాటు. పండినంక నాకు సూపెట్టు."

విమానంలో దాని వాసనకు పైలట్ తోవ తప్పాడని రాయవచ్చు, కానీ రాయను. సముద్రం పూడ్చిన చోటు నుంచి మన్ను తెచ్చి, ఖాళీ పెయింటు డబ్బాలో నాటాను. రూములో తమిళ అన్నలు నాకంటే ఎక్కువ నీళ్లు పోశారు.

మళ్లీ సెలవుకు వచ్చి, పండిన కొమ్ములు ఆమె చేతిలో పెట్టాను. గోటితో గీరి రంగు చూసింది. చాలాసేపు వాసన చూసింది.

"సన్నగున్నయ్. నీళ్లెక్కువైనయ్. చెల్క ఎంతుంటది?"

"చెల్క లేదే. పెయింటు డబ్బాల పండించిన."

"మల్ల సురువు జేసిండు" అని నవ్వి, లోపలికి పోయి నా ప్రయాణానికి విత్తనపు మక్కజొన్న గింజలు మూట కట్టసాగింది.