వాన సంచిల ఏం పెట్టాలె

నాచారంల మా గల్లీ నాలా పక్కనే ఉంటది. గట్టి వాన పడితే నీళ్లు ఇంట్లకొస్తయి, పొయ్యి మునుగుతది. మేం మీద రేకుల రూంలకు ఎక్కి కూసుంటం. నీళ్లు దిగనీకె ఒక పూట పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. అందుకే పోయిన ఎండాకాలం ఆ రూంల ఒక సంచి పెట్టాలనుకున్న. పొయ్యి లేకుండ తినేటివి, కడుపుల నిలబడేటివి, మా అసుంటోళ్లు కొనగలిగేటివి.

కోడలు ఏఎస్ రావు నగర్ పోయి ఎనర్జీ బార్లు తెచ్చింది. మెరిసే కాగితం, లోపల వేలెడంత ముక్క. నేను తెలుగు అక్షరాలే యాభై దాటినంక నేర్చిన, ఇంగ్లీషు రాదు. వెనక ఏం రాసిన్రో చదువుమన్న.

"పల్లీలు, బెల్లం, నువ్వులు, అత్తమ్మా."

"గంతేనా? ఉప్పల్‌ల దీన్ని పల్లి పట్టీ అంటరు. ఇదొక్కటి కొనే పైసలకు అవి డబ్బ నిండొస్తయి."

"దీని రుచి వేరే ఉంటది."

"ఉంటది. కాగితం రుచి."

ఒకనాడు పగటన్నం మానేసి రెండు పట్టీలు, గుప్పెడు పుట్నాలు తిని చూసిన. సాయంత్రం చాయ్ దాకా ఆకలి కాలే. మిక్చర్ తింటే దూప ఎక్కువై ఊకె నీళ్లు తాగాల్సొచ్చింది, దాన్ని తీసేసిన. పట్టీలు, పుట్నాలు, బిస్కెట్లు మూత గట్టిగున్న డబ్బాలల్ల పోసి సంచిల సర్దిన, నీళ్ల క్యాను పక్కన పెట్టిన. పని అయిపోయిందనుకున్న.

మా ఆయనకు షుగరు. గోలీ వేసుకొని ఖాళీ కడుపుతోని ఉండొద్దని, చేతులు వణికి చెమట పడితే వెంటనే తీపి నోట్లె వేసుకోవాలని దవాఖానల డాక్టరమ్మ గట్టిగ చెప్పింది.

గా వానాకాలం నీళ్లొచ్చింది శనివారం పొద్దున. శనివారం ఆయనకు ఒక్కపొద్దు. మాపటి దీపం పెట్టేదాక అన్నం ముట్టడు, పగటిపూట రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు, అంతే. దుకాణంల చేసిన తిండి అసలే ముట్టడు. ఎవరు చేసిన్రో, ఏ చేతులతోని చేసిన్రో అంటడు. నలభై ఏండ్ల సంది చూస్తున్న, అయినా సంచి కట్టేటప్పుడు నా మతిల లేకపాయె.

అప్పటికే గోలీ మింగిండు. గల్లీల మోకాలు లోతు నీళ్లు, మేం మీది రేకుల రూంల. పాల ప్యాకెట్టు రాలే, అరటిపండ్ల బండీ రాలే. పగటాల్ల దాటినంక ఆయన చేతులు వణకబట్టినయి. మెడ మీద చెమట పట్టింది.

"పట్టీ తిను," అన్న.

"ఇయ్యాల శనివారం."

"ఆ ముచ్చట నీ చేతులకు చెప్పు, వణుకుడు ఆపుతయేమో."

"దీపం పెట్టినంక తింట."

"మామా, జర తినుండ్రి," అని కోడలు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఆయన గోడ దిక్కు మల్లిండు. ఒక్కసారి గూడ తప్పలేదంట, ఇయ్యాల ఎట్ల తప్పుతడంట.

గోడకు కిరాణా దుకాణపోళ్లిచ్చిన వెంకన్న క్యాలెండర్ ఉన్నది. డబ్బా మూత కడిగి, అందుల నాలుగు పట్టీలు విరిచి ఆ క్యాలెండర్ ముంగట పెట్టిన. నీళ్ల చుక్క తిప్పి దండం పెట్టుకున్న. తెచ్చి ఆయన ముంగట పట్టుకున్న.

"ప్రసాదం. వద్దంటే వెంకన్నకే చెప్పు."

నన్ను చూసిండు, క్యాలెండర్‌ను చూసిండు.

"మోసం చేస్తున్నవే."

"చేస్తున్న. నోరు తెరువు."

ప్రసాదం వద్దనే ధైర్యం ఆయనకు లేదు. తిన్నడు. జరసేపటికి చెమట ఆరింది, చేతులు నిలబడ్డయి. కోడలు దిక్కు చూసి, "ప్రసాదం ఇంకింత ఉన్నదా బిడ్డా?" అని అడిగిండు.

నీళ్లు దిగినంక సంచి కుమ్మరించి మల్ల సర్దిన. బిస్కెట్లు ఇంట్ల తినేసినం. వాటి జాగల ఉప్పల్ నుంచి ఖర్జూరం తెచ్చిన. గింజ తీసి పెట్టెలల్ల అమ్మేది కాదు, కుప్ప పోసి తూకానికిచ్చేది. చెట్టుకు కాసిన పండు, ఒక్కపొద్దుకు అడ్డం లేదు. పల్లి పట్టీలు ఇప్పుడు ఇంట్లనే చేస్తున్నం. మొదటిసారి పాకం ముదిరి రాయి లెక్క అయింది, పచ్చడిబండతోని పలగ్గొట్టుకొని తిన్నం.

డాక్టరమ్మకు ఈ ముచ్చటంత ఆయన ముంగటనే చెప్పిన. శనివారమైనా సరే, పండు తిన్నంకనే గోలీ అన్నది. నా మాటకైతే మూతి తిప్పేటోడు, ఆమె మాటకు తలకాయ ఊపిండు.

ఇప్పుడు శనివారం పొద్దున గోలీ ఒక చేతుల పట్టుకొని, రెండో చెయ్యి నా ముంగట చాపుతడు. రెండు ఖర్జూరాలు పెడ్తా. అవి నమిలి మింగేదాక ఆడనే నిలబడతా.