పచ్చ ఇంకు కోడి

ముందే ఒట్టు వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. మామూలుగా నా ఒట్లు మా ఆవిడ పద్మ కూడా నమ్మదు. అందుకని ఈసారి మా అమ్మాయి సహజ మీద ఒట్టేసి రాస్తున్నాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. నమ్మేవాడు దయ్యం కథలు చెప్పలేడు, చెబుతుంటే వాడికే భయమేస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. మేముండేది జార్జియాలో, కమ్మింగ్‌లో. ఇక్కడ మనవాళ్ళింట్లో తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ అంటే ఆడవాళ్ళు కిచెన్‌లో, మగవాళ్ళు పెరటి డెక్ మీద, పిల్లలు బేస్‌మెంట్‌లో. నేను మాత్రం పిల్లలతో బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి, లైట్లు ఆర్పేసి. "మావాడు మూడు రోజుల్నుంచి బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్ళట్లేదండీ, మీ పుణ్యమా అని" అని తల్లులు ఫోన్ చేసి తిట్టేవాళ్ళు. నాకది సన్మానం చేసినట్టుండేది.

ఈ విద్యలో ఒక కిటుకుంది. కథకి బొత్తిగా అవసరం లేని వివరం ఒకటి పెట్టాలి. దయ్యం తెల్లచీర కట్టుకుందంటే ఎవరూ నమ్మరు. ఆ చీర అంచు ఒకచోట ఊడిపోతే పిన్నీసు పెట్టుకుందనండి, నమ్మి తీరతారు.

2012లో సహజ కాలేజీలో థర్డ్ ఇయర్. ఒక సెమిస్టర్‌కి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఇంగ్లాండ్ వెళ్ళింది. ఉత్తరాన ఎప్పుడూ వాన కురిసే ఊరు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే కాబట్టి వాళ్ళ కాగితాల్లో అది అమెరికన్ స్టూడెంట్. హాస్టల్లో కింది అంతస్తులో ఒక ఫ్లాట్ ఇచ్చారు. ఆరు గదులు, ఆరుగురికీ కలిపి ఒకటే కిచెన్. మిగతా ఐదుగురూ ఇంగ్లీషు అమ్మాయిలు.

"కొత్త ఇంట్లో దిగావు, పాలు పొంగించు" అంది పద్మ స్కైప్‌లో.

"ఇది ఇల్లు కాదమ్మా. డార్మ్."

"తినేది, పడుకునేది అక్కడేగా. పొంగించు."

పొంగించింది. పద్మ స్క్రీన్‌కి ఇంత దూరంలో కూర్చుని "తూర్పుకి పొంగాలే, తూర్పెటు అక్కడ?" అంటూనే ఉంది. ఎలక్ట్రిక్ పొయ్యి మీద పాలు పొర్లి, మాడి, పొగ లేచి ఫైర్ అలారం మోగింది. నాలుగంతస్తుల పిల్లలూ వానలో బయట నిలబడ్డారు. ఆ ఐదుగురిలో జెమ్మా అనే అమ్మాయి తలకి షాంపూ రాసుకుని ఉందట. ఫైరింజన్ వచ్చి వెళ్ళేదాకా టవల్ చుట్టుకుని, నురగతో అలాగే నిలబడింది.

ఆ రోజు నుంచి మొదలైంది. వెలేశారు అనుకోండి. సహజ కిచెన్‌లో అడుగుపెట్టగానే జెమ్మా చప్పట్లు కొట్టేది. ఫైర్ అలారం మోగినట్టు ఐదుగురూ కోట్లు వేసుకుని బయటికి నడిచి, కిటికీ అవతల వరసలో నిలబడేవాళ్ళు. ఇది అన్నం వండుకుని వెళ్ళేదాకా అలా చూస్తూ. కారిడార్లో ఎదురైతే "ఆల్‌రైట్?" అనేవాళ్ళు. అక్కడ అది ఉత్త పలకరింపు. ఈ పిచ్చిది నిజంగా అడుగుతున్నారనుకుని ఆగి జవాబు చెప్పేది. సగంలోనే వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగు వారాలయ్యేసరికి కిచెన్‌కి వెళ్ళడం మానేసి, గదిలో కూర్చుని పొడి సీరియల్ తినడం మొదలుపెట్టింది.

ఒక శనివారం మాకు మధ్యాహ్నం ఒంటిగంట, అక్కడ సాయంత్రం ఆరు. "నాన్నా, ఐ వాంట్ టు కమ్ హోమ్. ఇంక నావల్ల కాదు" అంది.

వచ్చేస్తే సెమిస్టర్ పోతుంది, ఒక్క క్రెడిట్ కూడా రాదు, గ్రాడ్యుయేషన్ వెనక్కి పోతుంది. అదొక ఎత్తు. ఐదుగురు పిల్లలు తరిమితే మూటాముల్లె సర్దుకుని వచ్చిన మనిషిగా జీవితాంతం మిగిలిపోతుందే, నాకు పట్టుకున్న భయం అది. బుద్ధున్న తండ్రి వార్డెన్‌కి ఉత్తరం రాయమనేవాడు. నేను కథ కట్టాను.

"మా ఆచారం ప్రకారం పాలు పొంగితే ఇల్లు చల్లగా ఉంటుంది, మాడితే మాత్రం అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నది లేస్తుంది, అని చెప్పు వాళ్ళకి" అన్నాను.

"అలాంటి ఆచారం ఎక్కడుందండీ?" అంది పద్మ పక్కగదిలోంచి.

"ఇవాళ్టి నుంచి ఉంది."

లేచినదెవరో కూడా చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్ల. పొట్టి జుట్టు. ఫ్రిజ్ పక్కన నిలబడుతుంది. ఎడమచేతికి పిండికట్టు. ఆ కట్టు మీద పచ్చ ఇంకుతో గీసిన కోడిబొమ్మ.

పిండికట్టు ఎక్కడిదో చెప్పగలను. ఆ వారమే మా పక్కింటి ముసలాయన ఇంటి చూరు గట్టర్లో ఆకులు తీస్తూ నిచ్చెన మీంచి పడి కట్టించుకున్నాడు. పొట్టి జుట్టు నేను పుట్టించే దయ్యప్పిల్లలందరికీ ఉంటుంది. కోడి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. అదే నా పనికిరాని వివరం. నాలుక మీదికి దానంతటదే వచ్చి కూర్చుంది.

మర్నాడు ఆదివారం కిచెన్‌లో ఐదుగురూ ఉండగా సహజ ఈ కథ చెప్పింది. మొదట నవ్వారట. కోడి దగ్గరికి వచ్చేసరికి జెమ్మా నవ్వు ఆగింది. "ఏ చెయ్యి?" అని అడిగింది. ఎడమ అని సహజ చెప్పింది. జెమ్మా చేతిలో టీ కప్పు కింద పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న కారేసుకుని వచ్చాడు. పెట్టెలు మోస్తూ మోస్తూ కారిడార్లో ఆగి, "నీకెవరు చెప్పారమ్మా?" అని సహజని అడిగాడట. కోపంగా కాదు, దారి తప్పినవాడు అడ్రసు అడిగినట్టు. జెమ్మాకి ఒక చెల్లెలుండేది. సైకిల్ మీంచి పడింది, ఎడమచెయ్యి విరిగింది, తలకీ దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఆ కట్టు మీద పచ్చ పెన్నుతో కోడి గీసింది జెమ్మానే. చెల్లెలు ఇంటికి రాలేదు. కట్టు వాళ్ళింట్లో అట్టపెట్టెలో దాచుకున్నారు. దాని సంగతి తల్లికీ తండ్రికీ జెమ్మాకీ తప్ప నాలుగో మనిషికి తెలీదు.

జెమ్మా మళ్ళీ కాలేజీకి రాలేదు.

మిగిలిన నలుగురూ సహజకి టీ పెట్టి తలుపు బయట ఉంచేవాళ్ళు. దాని గిన్నెలు తోమేవాళ్ళు. అది కిచెన్‌లో ఉంటే గోడకి అంటుకుని నడిచేవాళ్ళు. సెమిస్టర్ పూర్తయింది, క్రెడిట్స్ వచ్చాయి. మా పిల్లని ఎవడూ తరమలేకపోయాడని నేను ఆఫీసులో స్వీట్లు పంచాను.

తర్వాత కూర్చుని లెక్క తేల్చుకుందామని చూశాను. సహజ ఏదో మాటల్లో అని ఉంటుందా? జెమ్మాకి చెల్లెలు ఉండేదనే దానికి తెలీదు. తోటివాళ్ళకీ తెలీదు. ఫేస్‌బుక్‌లో జెమ్మా పేజీ అట్టడుగు దాకా చూశాను. పార్టీలు, కుక్క, అంతే. కాకతాళీయం అనుకోవచ్చు. చెయ్యి విరిగిన పిల్లలు లోకంలో బోలెడుమంది. పచ్చ ఇంకు కోడి ఎంతమందికి ఉంటుంది?

ఇంతవరకు రాసి పద్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"పిల్ల మీదికి తోశారా" అంది. కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సరే. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆదివారం అనేది నేను కల్పించాను. సహజ ఆ కథ ఎవరికీ చెప్పలేదు. శనివారమే, నేను చెప్పింది మొత్తం విని, "వద్దు నాన్నా, దట్స్ మీన్" అంది.

అయితే ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి కిచెన్‌లో బల్ల మీద పెట్టు, పాల సంగతి మాదే తప్పని వాళ్ళకి నేను సారీ చెబుతాను, అన్నాను. నమ్మింది. తండ్రి సారీ చెబుతాడంటే ఆ పిల్లలు కూడా మర్యాదగా చుట్టూ చేరారు. జెమ్మా నాకు చెయ్యి ఊపింది కూడా.

నేనే చెప్పాను. బేస్‌మెంట్‌లో చెప్పినట్టే, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. కోడి దగ్గరికి వచ్చేసరికి జెమ్మా స్క్రీన్‌కి దగ్గరగా జరిగింది. ఏ చెయ్యి అంది. చెప్పాను. పద్మ ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి భుజం పట్టుకుంది. "ఆపండి. ఆ పిల్ల ముఖం చూడండి."

చూస్తూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళలో నా కథ అలా విన్నవాళ్ళు లేరు.

"కోడికి కాళ్ళెన్ని?" అని అడిగింది జెమ్మా.

"ఒకటే" అన్నాను. "రెండోది గీసేలోపు నర్సు వచ్చి మంచం తోసుకుపోయింది."

"యెస్" అంది, చిన్నగా, క్లాసులో టీచరుకి చెప్పినట్టు.

ఆ మాట ఎవరు చెబితే నేను అన్నానో నాకు తెలీదు. ఒంటికాలి సంగతి నేను ముందు అనుకోలేదు. మరణించిన వాళ్ళు వచ్చి చెబుతారంటే ఇప్పటికీ నమ్మను. జెమ్మా వాళ్ళ నాన్న సహజని అడిగింది కూడా "నీకెవరు చెప్పారు" అని కాదు, "మీ నాన్నకి ఎవరు చెప్పారు" అని.

ఆ శనివారం జెమ్మా యెస్ అనగానే సహజ చెయ్యి చాపి ల్యాప్‌టాప్ మూసేసింది. మూడేళ్ళయింది. ఇప్పుడు కాలిఫోర్నియాలోనే డబ్లిన్ అనే ఊళ్ళో ఉద్యోగం. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. నేను ఎత్తితే "అమ్మ ఉందా?" అంటుంది. లేదంటే, మళ్ళీ చేస్తానంటుంది.