బిందెడు నీళ్లు పడని జాకెట్

దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి మంచుదేశాల జాకెట్లు కుట్టిచ్చే మార్కండేయులుకు ఒక అలవాటుంది. కుట్టిన ప్రతి జాకెట్‌నూ తానే తొడుక్కుని, ఎల్బీనగర్‌లోని తన డాబా మీద పీట వేసుకుని కూర్చుంటాడు. భార్య అంజమ్మ బిందెడు నీళ్లు వీపున కుమ్మరిస్తుంది. లోపలి బనియన్‌కు ఒక్క చుక్క తగిలినా కుట్టంతా విప్పేస్తాడు. తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెలో వారం రోజులు అతను మిషన్ ముట్టలేదు. ఆ తర్వాత సరుకు తీసుకెళ్తే, యజమాని ప్రసన్నకుమార్ గిరాకీల ముందే కడిగేశాడు.

"పని రానివాళ్లకే ఈ ఉద్యమాలన్నీ!"

చలికాలం అమ్మకాలు మొదలయ్యేముందు యజమాని ఏటా విదేశం వెళ్లి, కొత్త స్కీలు కట్టుకుని, కొత్త జాకెట్‌తో మంచులో జారి చూసి వస్తాడు. ఈసారి ఆ జాకెట్ భుజం కుట్టుకు నీళ్లు దిగకుండా వేసే లోపలి పట్టీ పడలేదు, దాని మీద బిందే వంగలేదు. యజమాని వెళ్లిన పదోనాడు ఫోన్ మోగింది.

"మంచులో పడ్డానయ్యా! వీపంతా తడిసి కొయ్యబారిపోయాను. ఏం కుట్టావు నువ్వు?"

"నీళ్లు యాడికెళ్లి దిగినయ్ సార్? మెడకాడనా, భుజంకాడనా?" తీరిగ్గా అడిగాడు మార్కండేయులు.

"భుజం దగ్గర!"

"నాకెర్కనే సార్. గా జాకెట్ పని రానోడు కుట్టిండు."

ఫోన్ పెట్టేసి, ఇంకో జాకెట్ తొడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"పొయ్యవే," అన్నాడు అంజమ్మతో.